కొసరు చెయ్యి

ఆ వీధిలో అతన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. అందరికీ రేడియోయే. కటింగ్ షాపు తలుపు తీసింది మొదలు మూసేదాకా నోరు మూతపడేది కాదు మరి! ఎవరింట్లో అల్లుడు అలిగాడో, ఏ డాక్టరు హస్తవాసి మంచిదో, ఏ మేడ మీద గది అద్దెకు ఖాళీగా ఉందో, అన్నీ కత్తెర చప్పుడుతో కలిపి వినవలసిందే. "నా జుట్టు కన్నా ముందు చెవులు అరిగిపోయేట్టున్నాయిరా బాబూ" అని విసుక్కున్నవాళ్ళే నెల తిరక్కుండా మళ్ళీ వచ్చి కూర్చునేవాళ్ళు. ఎందుకంటే అతని దగ్గర కొసరు ఉండేది.

పని అయిపోయి, మెడ చుట్టూ కట్టిన గుడ్డ విప్పి దులిపాక, రేడియో అరచేతులు రెండూ రుద్దుకుని తల మీద వేసేవాడు. కణతల దగ్గర బొటనవేళ్ళతో మొదలుపెట్టి, నడినెత్తి మీదుగా మెడ వెనక నరాల దాకా దిగేవాడు. ఆఖర్న చేతులు జోడించి నెత్తిన టపటపా కొట్టి, "లే నాయనా, కొత్త తల వచ్చింది, పట్టుకుపో" అనేవాడు. దానికి విడిగా ఏమీ పుచ్చుకునేవాడు కాదు. ఆ కొసరు పడే వేళకి ఎంత తొందరలో ఉన్న మనిషైనా కళ్ళు మూసుకునేవాడు. అప్పుడు మాత్రం రేడియో కూడా నోరు కట్టేసుకునేవాడు.

పక్క షాపు వాచీలాయనది. కంటికి భూతద్దం బిగించుకుని పొద్దస్తమానం బుల్లి బుల్లి చక్రాల మీదకి వంగి కూర్చునే మనిషి. ఆయన నోట్లోంచి మాట రావాలంటే ముందుగా దరఖాస్తు పెట్టుకోవాలని రేడియో వేళాకోళం చేసేవాడు. ఇద్దరిదీ ఒకే ఈడు, ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకునే చనువు. ఒకడు వాగుతాడు, ఇంకొకడు వింటాడు. ఏళ్ళ తరబడి ఆ స్నేహం ఏ ఇబ్బందీ లేకుండా సాగిపోయింది.

వాచీలాయన కాపురం షాపు మీది అంతస్తులోనే. ఆయన భార్యని రేడియో వదినా అని పిలిచేవాడు. ఆవిడ కిటికీలోంచి తొంగి చూసి, "ఏమయ్యా రేడియో, మా ఆయన గడ్డం గీశావా, లేక కబుర్లు చెప్పి పంపించేస్తున్నావా?" అని కేకేసేది.

"సగం గీశాను వదినా! మిగతా సగం నువ్వు సణిగితే అదే రాలిపోతుంది!"

వీధి వీధంతా నవ్వేది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు రేడియోకి గుండె కలుక్కుమంటుంది.

ఊరి మీదికి జబ్బు వచ్చింది. ఆ సంగతులు ఎవరికి తెలియవు, మళ్ళీ ఏకరువు పెట్టడం ఎందుకు? రేపటి నుంచి షాపులన్నీ మూసెయ్యాలని మైకులో చెప్పిన రోజు సాయంత్రం వాచీలాయన వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ముఖం పీక్కుపోయి ఉంది. ఊరంతా అలాగే ఉంది కాబట్టి రేడియోకి అదేమీ వింతగా తోచలేదు. గడ్డం గీశాడు. ఆపైన, మళ్ళీ ఎప్పుడు కుదురుతుందో ఏమో అనుకుని, కొసరు తీరిగ్గా వేశాడు. మెడ నరాలు తాళ్ళలా బిగుసుకుని ఉంటే ఒక్కొక్కటే వదులయ్యేదాకా పిసికాడు. వాచీలాయన కళ్ళు తెరిచి, ఏదో అనబోయి, మానేసి, మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

రెండు మూడు రోజుల్లోనే వదినని అంబులెన్సులో తీసుకెళ్ళారు. ఆ వారంలోనే రేడియోకీ జ్వరం పట్టుకుంది. అతను మంచం మీద మూలుగుతూ ఉండగానే ఆవిడ పోయిందని కబురు వచ్చింది. చివరి చూపు ఎవరికీ దక్కలేదు, కట్టుకున్నవాడికి కూడా.

జ్వరం దిగింది. కానీ ఒక లెక్క మాత్రం అతని బుర్రలో దిగబడిపోయింది. ఆ వారమంతా ఊళ్ళో తలలన్నీ ముట్టుకున్న చేతులు ఎవరివి? తనవి. అవే చేతులు వాచీలాయన నెత్తిన ఎక్కువసేపు పెట్టింది ఎవరు? తను. ఆయన ఆ తలతోనే మేడెక్కి భార్య పక్కన కూర్చున్నాడు. ఇంకేం కావాలి? పైగా మూల మీద రొట్టెల షాపావిడ ఎవరితోనో, "అంతా ఆ కటింగ్ షాపు నుంచే పాకిందటమ్మా" అంటూ ఉండగా స్వయంగా విన్నాడు. దాంతో అనుమానం కాస్తా తీర్పయి కూర్చుంది.

కుళాయి కింద చేతులు పెట్టి చర్మం లేచిపోయేదాకా తోముకుంటుంటే భార్య వచ్చి కుళాయి కట్టేసింది.

"ఏవయ్యా, అవి చేతులా, మాడిన గిన్నెలా? ఎందుకలా తోముతున్నావు?"

"వదిలిపోవట్లేదే."

"ఏం వదిలిపోవట్లేదు?"

అతను చెప్పలేదు. లోకంలో ప్రతి సంగతీ చెప్పేవాడు, అసలైనదాన్ని మాత్రం మింగేశాడు.

షాపులు మళ్ళీ తెరిచారు. రేడియో షాపు గోడ మీద ఒక బోర్డు వెలిసింది. కుర్చీలో మాట్లాడరాదు. మర్దన లేదు. అతని చేతులకి మోచేతుల దాకా రబ్బరు తొడుగులు. ఊళ్ళో మిగతా కటింగ్ షాపులవాళ్ళు కూడా ఇలాంటివే పెట్టుకున్నారు, నిజమే. తర్వాత జబ్బు సద్దుమణిగింది, మాస్కులు జేబుల్లోకి, జేబుల్లోంచి చెత్తబుట్టల్లోకి పోయాయి, ఒక్కొక్కరూ బోర్డులు పీకేశారు. రేడియో పీకలేదు. తొడుగులూ తియ్యలేదు.

అతన్నొక్కణ్ణే అనడం ఎందుకు? ఊరి ఒంట్లోంచి జ్వరం దిగింది గానీ భయం దిగలేదు. రొట్టెల షాపావిడ చిల్లర ఇప్పటికీ చేతికివ్వదు, పళ్ళెంలో పెట్టి ముందుకు తోస్తుంది. బస్సులో ఎవరికైనా పొలమారితే చాలు, "దుమ్ము, దుమ్ము పడిందండీ" అని అందరికీ సంజాయిషీ ఇచ్చుకుంటున్నారు. రేడియో షాపులో వంతు కోసం కూర్చునే బల్ల మీద అప్పట్లో మధ్య చోటుకి అడ్డంగా పచ్చ టేపు అంటించారు. టేపు ఎప్పుడో ఊడిపోయింది, దాని జిగురు మరక కూడా అరిగిపోయింది, అయినా ఆ మధ్యన ఒక్క మనిషి కూర్చుంటే ఒట్టు! ఇటు ఒకడు, అటు ఒకడు, మధ్యలో గాలి. ఏం మనుషులమండీ మనం!

ఇలాంటి వేళ ఆ మాటలు రాని వాచీలాయనకి మాట మీద మనసు పుట్టింది.

మొదట వారానికి ఒకసారి వచ్చేవాడు. తర్వాత రెండుసార్లు. ఆ తర్వాత రోజు విడిచి రోజు. వచ్చి, బల్ల మీద ఎవరూ కూర్చోని ఆ మధ్య చోట్లోనే కూర్చునేవాడు. అటూ ఇటూ ఉన్నవాళ్ళు ఇంకాస్త జరిగేవాళ్ళు. తన వంతు రాగానే కుర్చీ ఎక్కి మెడ వాల్చేవాడు. రేడియో నురగ రాసి చూస్తే గీయడానికి అక్కడ గడ్డమే ఉండేది కాదు.

"ఏరా, మొన్ననేగా గీశాను? నీ గడ్డానికేమన్నా ఎరువు వేస్తున్నావా?"

"ఉండనీ, గియ్యి." గొంతు సవరించుకుని, "ఒరేయ్... నీతో ఒక మాట..."

రేడియో చేతిలో బ్లేడు ఆగిపోయేది. వచ్చేసింది, అనుకునేవాడు. నా భార్యని పొట్టన పెట్టుకున్నావు కదరా అని ఇప్పుడు అడిగేస్తాడు. వెంటనే బ్లేడు చేత్తోనే గోడ మీది బోర్డు చూపించేవాడు. వాచీలాయన బోర్డు వైపు చూసి, నోరు మూసుకుని, కళ్ళు కూడా మూసుకునేవాడు.

నిజానికి అడగాలనే రేడియోకీ ఉంది. రేయ్, నావల్లే జరిగింది, క్షమించరా అని కాళ్ళ మీద పడాలని ఉంది. ఆ ఒక్క మాట అయిపోతే చాలు, మళ్ళీ మనిషినవుతానని తెలుసు. కానీ వాడు క్షమించకపోతే? ఈ రోజు విడిచి రోజు కనబడే ముఖం కూడా కనబడకుండా పోతే? అందుకని ప్రతిసారీ వచ్చేసారి చూద్దాంలే అనుకునేవాడు. ఆ వచ్చేసారి వచ్చేది, పోయేది.

ఒకనాడు వాచీలాయన గడ్డం అయ్యాక లేవకుండా అలాగే కూర్చున్నాడు. "కొసరు వెయ్యవా?" అన్నాడు.

"అవన్నీ ఎత్తేశాను."

"నాకు కూడానా?"

"అందరికీ ఒకటే రూలు."

రూలట, రూలు! చెప్పుకోవడానికి ఎంత మర్యాదగా ఉంది! ఆ తల మీద మళ్ళీ ఈ చేతులు పెట్టాలంటే భయమేస్తోందని చెప్పొచ్చుగా.

ఇంటి దగ్గర భార్య ఊరుకోలేదు. "వాచీలన్నయ్యని చూస్తే కడుపు తరుక్కుపోతోందయ్యా. షాపు షట్టరు సగమే ఎత్తుతున్నాడు. మనిషి సగమైపోయాడు. కళ్ళల్లో ఏదో పెట్టుకు తిరుగుతున్నాడు, ఏమిటో అడగరాదూ?"

"ఏం అడగమంటావు?"

"ఊరందరినీ అక్కర్లేనివన్నీ అడిగిన నోరేగా అది? ఇప్పుడేం, తాళం వేశారా?"

రేపు అడుగుతా అన్నాడు. మర్నాడు వాచీలాయన వచ్చాడు కూడా. షాపులో వేరే ఎవరూ లేరు. ఇంతకన్నా మంచి అదను మళ్ళీ దొరకదు. రేడియో మనసు దిటవు చేసుకుంటూ బ్రష్షుతో నురగ తిప్పుతున్నాడు. మొదటి మాట ఎలా ఎత్తుకోవాలా అని వెతుక్కుంటున్నాడు. అంతలో వాచీలాయన ఉన్నట్టుండి అతని చెయ్యి పట్టుకున్నాడు. తొడుగు అంచు పట్టి లాగుతూ, "ఇది తీసెయ్‌రా ఒకసారి. తీసి ఇలా నెత్తిన పెట్టు. నేను చెప్పేది..." అన్నాడు.

రేడియో నిప్పు తొక్కినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఎందుకన్నాడో, ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఆ మాట నోట్లోంచి జారిపోయింది.

"నీకు భయం లేకపోతే పోనీ, నాకుంది! నా ఇంట్లో పెళ్ళాం ఉందిరా!"

అన్న తర్వాత గానీ అదేమిటో తెలియలేదు. వాచీలాయన ముఖంలో కోపం రాలేదు. వస్తే బాగుండేది. "అవున్రా, నిజమే," అన్నాడు నెమ్మదిగా. చెంపల మీది నురగ తనే తువ్వాలుతో తుడుచుకుని, అద్దంలోకి చూడకుండా దిగి వెళ్ళిపోయాడు.

రేడియో వెనకే గుమ్మం దాకా వెళ్ళాడు. పిలవబోయాడు. ఎవరో పిల్లాడి చెయ్యి పట్టుకుని కటింగ్‌కి తీసుకొచ్చారు. ఆ పిల్లాడికి గుడ్డ కట్టాడు.

ఆ తర్వాత వాచీలాయన రాలేదు. సగం లేచే షట్టరు కూడా లేవడం మానేసింది. పక్కగోడే కదా, పైకి వెళ్తే ఎన్ని మెట్లని? పొద్దున వెళ్దామనుకునేవాడు, సాయంత్రం వెళ్దామనుకునేవాడు. కోపం చల్లారనీ అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. కోపం లేని మనిషికి ఏం చల్లారుతుంది?

ఒక పొద్దున షాపు ఊడుస్తుంటే వాచీలాయన కూతురు గుమ్మంలో నిలబడింది. పెళ్ళయి వేరే ఊళ్ళో ఉండే పిల్ల. చిన్నప్పుడు ఈ కుర్చీ చేతుల మీద అడ్డంగా చెక్క వేసి కూర్చోబెడితే, జుట్టు కత్తిరించేంతసేపూ గుక్కపట్టి ఏడ్చేది.

"బాబాయ్, నాన్నకి పక్షవాతం వచ్చింది. ఆసుపత్రిలో ఉంచి నిన్ననే ఇంటికి తెచ్చాం. కుడివైపు పడిపోయింది, మాట పోయింది. గడ్డం మాసిపోయి చూడలేకపోతున్నాను. గియ్యబోతే ఎవర్నీ దగ్గరకి రానివ్వట్లేదు. నువ్వు ఒక్కసారి వస్తావా?"

మాట పోయింది. రేడియోకి చెవిలో ఆ ఒక్కటే మోగింది. చీపురు ఎక్కడ పడేశాడో కూడా చూసుకోకుండా బ్రష్షూ, గిన్నె, కత్తీ, పటికా గుడ్డలో చుట్టుకుని ఆమె వెనక మెట్లెక్కాడు.

వంటింట్లో ఆమె నీళ్ళు వేడి చెయ్యడానికి పెట్టింది. స్టవ్ వైపు తిరిగి మాట్లాడుతోంది.

"ఇన్నాళ్ళూ ఆ దిగులే తినేసింది బాబాయ్ ఆయన్ని. నేను ఎంత చెప్పినా వినలేదు. అమ్మకి జ్వరం ముందే వచ్చిందిగా. షాపులు మూసేముందే ఒళ్ళు కాలిపోతోందట. నాన్నకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. అప్పుడు నీ దగ్గరకి వచ్చారట."

రేడియో చేతిలోని గిన్నె గట్టు మీద పెట్టాడు.

"ఇంట్లో జబ్బు పెట్టుకుని అక్కడికి ఎందుకెళ్ళావు నాన్నా అని నేను తిట్టాను కూడా. 'భయమేసిందే, వాడి చెయ్యి నెత్తిన పడితే ధైర్యం వస్తుందని వెళ్ళాను. ఇంట్లో జ్వరమని చెప్తే వాడు ముట్టుకోడేమోనని చెప్పలేదు' అన్నారు. తర్వాత నీకు జ్వరం వచ్చిందని తెలిసి, వాణ్ణి నేనే చంపబోయానే అని ఒకటే ఏడుపు. నువ్వు తొడుగులు వేసుకోవడం కూడా తనవల్లేనని, వాడికి నా మీద నమ్మకం పోయిందని అనేవారు. ఒక్కసారి వెళ్ళి చెప్పేసుకుంటే వాడు క్షమిస్తాడని రోజూ నీ షాపుకి వచ్చేవారటగా." ఆమె వెనక్కి తిరిగింది. "చెప్పే ఉంటారులే బాబాయ్. చెప్పారు కదూ?"

నీళ్ళు సలసలా మరుగుతున్నాయి. రేడియోకి గోడ మీది బోర్డు కనబడింది. బ్లేడుతో దాన్ని చూపించిన తన చెయ్యి కనబడింది. నా ఇంట్లో పెళ్ళాం ఉందిరా అన్న మాట వినబడింది. పెళ్ళాం పోయినవాడితో, క్షమించమని అడగడానికి వచ్చినవాడితో అన్నాడు ఆ మాట. ఇద్దరూ ఒకే క్షమాపణని చెరొక పక్క పట్టుకుని ఇన్నాళ్ళు కూర్చున్నారు. మాటలు రానివాడు నోరు తెరిస్తే, వాగుడుకాయ మూయించాడు.

"చెప్పాడమ్మా," అన్నాడు. "ఎప్పుడో చెప్పాడు. ఇందులో క్షమించేదేముందిరా పిచ్చోడా అని నేనూ అన్నాను."

ఆ పిల్ల హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. రేడియో వేడినీళ్ళు తీసుకుని గదిలోకి నడిచాడు.

వాచీలాయన దిండ్లకి ఆనుకుని కిటికీ వైపు చూస్తున్నాడు. వదిన కేకలేసిన కిటికీయే అది. నోరు ఒక పక్కకి జారింది. అడుగుల చప్పుడుకి కళ్ళు ఇటు తిప్పాడు. ఆ కళ్ళు ముందుగా రేడియో ముఖం వైపు కాదు, చేతుల వైపు చూశాయి.

తొడుగులు లేవు. తెచ్చుకోవాలని కూడా తట్టలేదు.

"ఏరా, గడ్డానికి ఈసారి నిజంగానే ఎరువేశావే," అన్నాడు రేడియో. చాలాకాలానికి పని చేస్తూ కబుర్లు చెప్పడం అదే మొదలు. నురగ రాస్తూ వీధి సంగతులన్నీ చెప్పడం మొదలుపెట్టాడు. రొట్టెల షాపావిడ పళ్ళెం సంగతి చెప్పాడు. బల్ల మీద నువ్వు కూర్చునే చోటు ఇంకా ఖాళీగానే ఉందని చెప్పాడు. చెప్తూ చెప్తూ, వంటింట్లోకి వినబడకుండా, వంగి చెవి దగ్గర అన్నాడు.

"ఒరేయ్, నాకంతా తెలిసింది. నాకు జబ్బు నువ్వేం తేలేదు. వదినకి నేనే అంటించాననుకున్నాన్రా నేను. నీ ముఖం చూడలేక ఆ బోర్డు పెట్టుకున్నాను. అంతేగానీ, నువ్వంటే భయమా నాకు? విన్నావురా?"

వాచీలాయన గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. మాట కాలేదు. విన్నాడో, అర్థమయిందో, ఇంకేదన్నా అడుగుతున్నాడో చెప్పడానికి లేదు. రేడియో నోరు మూసుకుని ఆగాడు. ఎంతసేపైనా ఆగుదామనే ఆగాడు. కానీ ఇంకేమీ రాలేదు.

గడ్డం పూర్తయింది. పటిక రాసి, ముఖం తుడిచి, మంచం తలవైపుకి వెళ్ళి నిలబడ్డాడు. అరచేతులు రుద్దుకున్నాడు. కుడిచెయ్యి కుడి కణత మీద వేసి, పాత పద్ధతిలోనే బొటనవేలితో నెమ్మదిగా మొదలుపెట్టాడు. నడినెత్తి దాకా వెళ్ళాడు. మెడ దాకా దిగాడు. వాచీలాయన కళ్ళు మూసుకోలేదు. ఎవరి కోసమో చూస్తున్నట్టు తెరుచుకునే ఉన్నాయి.

"తెలుస్తోందారా?"

వాచీలాయన ఎడమ చెయ్యి దుప్పట్లోంచి లేచింది. నెత్తి మీద తడుముకుంటూ వచ్చి రేడియో చేతిని పట్టుకుంది. మెల్లగా ఈడ్చుకుంటూ తెచ్చి ఎడమ కణత మీద పెట్టుకుంది. అప్పుడు ఆయన కళ్ళు మూసుకున్నాడు.

కుడివైపుకి తెలియడం లేదు. షాపులో రోజు విడిచి రోజు వచ్చి మెడ వాల్చినప్పుడు రెండువైపులా తెలిసేవి.

రేడియో ఆ ఎడమవైపు చాలాసేపు రుద్దాడు. కూతురు కాఫీ తెచ్చి, చల్లారిపోతోందని రెండుసార్లు గుర్తుచేసింది. అతను రెండో చెయ్యి కూడా తీసి, ఏమీ తెలియని ఆ కుడివైపున వేశాడు. అటు కూడా అంతసేపూ రుద్దుతూనే ఉన్నాడు.